వల సూది, కుట్టు సూది
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"ఏం పని చేస్తుంటావబ్బయ్యా?" అని ఇందాక మాస్టారు అడిగారు. వైద్య పరికరాల పేటెంట్ తగాదాల్లో సలహా ఇస్తుంటాను సార్. పరికరం నిజంగా కొత్తదేనా, అంతకుముందే లోకానికి తెలుసా అని పాత కాగితాలు తిరగేయడం నా పని. ఆ పాతదాన్నే ప్రయర్ ఆర్ట్ అంటారు.

మైపాడు, ఇసకపల్లి రేవుల్లో వలలల్లే సూది మనమంతా చూసిందే. దారం దాని ఒంటికే చుట్టి ఉంటుంది. ఇప్పుడెవరో దారాన్ని తనలోనే ఉంచుకుని కుట్లు వేసే పరికరం చేసి, పేటెంట్ అడిగారనుకోండి. వల సూది చూపించి "ఇందులో కొత్తేముంది?" అనేయొచ్చా? తొందరపడకూడదు. క్లెయిములో ఐదు అంశాలుంటే, ఐదూ ఒక్క పాత పత్రంలోనో ఒక్క పాత వస్తువులోనో దొరకాలి. అప్పుడే కొత్తదనం పోయినట్టు. నాలుగే దొరికితే ప్రశ్న మారుతుంది: ఆ రంగంలో పనితెలిసిన మామూలు మనిషికి ఐదోది తట్టేదేనా? ఆపరేషన్ పరికరాలు చేసేవాడు రేవుకొచ్చి వల సూది చూస్తాడా? పేచీ అంతా అక్కడే. పైగా దరఖాస్తు నాటి కళ్లతో చూడాలి. పరికరం చేతికొచ్చాక అన్నీ తేలికగానే కనిపిస్తాయి, మా ఇంజనీర్లకు మరీను!

1978లో సుప్రీంకోర్టు బిశ్వనాథ్ ప్రసాద్ కేసులో తేల్చింది లేత్ మీద పాత్రను పట్టి ఉంచే సాధనం సంగతి. వర్క్‌షాపులో చేసుకునే మామూలు మెరుగుదల ఆవిష్కరణ కాదంది. వైద్య పరికరాలకూ అదే కొలత.

గుండెకు వేసే స్టెంటే చూడండి. బెలూన్‌తో విచ్చుకునే గొట్టానికి పాల్మాజ్‌కు 1988లో అమెరికా పేటెంట్ వచ్చింది. డాటర్ అనే డాక్టరు కుక్కల రక్తనాళాల్లో తీగచుట్టలు పెట్టి, ఆ సంగతి 1969లోనే ప్రచురించాడు. రెండూ నాళాన్ని తెరిచి ఉంచేవే, కానీ బెలూన్‌తో విచ్చుకునే గొట్టం వేరు, తీగచుట్ట వేరు. అందుకే "స్టెంటు పాతదే" అంటే చాలదు, క్లెయిములో మాట మాటా చదవాలి.

మన ప్రాంతపు దరఖాస్తులు చెన్నై పేటెంట్ ఆఫీసుకు వెళ్తాయి. తిరస్కరిస్తే మూడు నెలల్లో అప్పీలు చేసుకోవాలి. 2021 దాకా దానికో ప్రత్యేక బోర్డు ఉండేది, ఇప్పుడు హైకోర్టే. పాత పత్రంలో ఏ భాగం క్లెయిములో ఏ అంశానికి సరిపోయిందో ఉత్తర్వులో రాయకపోతే, మళ్లీ పరిశీలించమని కోర్టు వెనక్కి పంపడం కద్దు.

ఇంజనీరింగ్ చదివే పిల్లలున్నవాళ్లకు ఒక మాట. దరఖాస్తు వేయకముందే ప్రాజెక్టును యూట్యూబ్‌లో పెట్టేస్తున్నారు. రేపు అధికారి ఆ వీడియోనే ప్రయర్ ఆర్ట్‌గా చూపిస్తే, సొంత బిడ్డే ఎదురు సాక్ష్యం చెప్పినట్టవుతుంది. ముందు కనీసం ప్రొవిజనల్ దరఖాస్తన్నా వేయించండి. సాయంత్రం భోజనాల దాకా ఇక్కడే ఉంటాను, అలాంటి కాగితాలుంటే తీసుకురండి.