హెచ్‌పీఎల్‌సీ పంప్ ప్రెజర్ ఊగుతోందా? ముందు కాలమ్ మార్చకండి!

బీటెక్ చేసి నాలుగేళ్లు కోడ్ రాసినవాడికి కెమిస్ట్రీతో పనేంటి అంటారా? మా తమ్ముడు హైదరాబాద్‌లో ఒక ఫార్మా కంపెనీ క్యూసీ ల్యాబ్‌లో పని చేస్తాడు. మొన్న రాత్రి రెండింటికి ఫోన్. "అన్నా, హెచ్‌పీఎల్‌సీ ప్రెజర్ నిలబడట్లేదు. పొద్దున్నకల్లా బీపీ టాబ్లెట్ల రిజల్ట్ ఇవ్వాలి." అప్పటికే కాలమ్ మార్చేశాడట, అయినా అదే ఊపు. బగ్ ఎక్కడుందో చూడకుండా కోడ్ మార్చడం అంటే ఇదే!

సరే, పంప్ లోపల ఏముంటుంది? మామూలుగా రెండు పిస్టన్లు, ఒకటి తోస్తుంటే ఇంకోటి నింపుకుంటుంది. ద్రవం వెనక్కి రాకుండా చెక్ వాల్వులు ఉంటాయి. చాలావాటిలో సఫైర్ సీటు మీద చిన్న రూబీ గోళీ. అది సరిగ్గా కూర్చోకపోతే ద్రవం వెనక్కి జారుతుంది.

ఇప్పుడు వరసగా చూద్దాం.

ఒకటి, ప్రెజర్ గ్రాఫ్. పిస్టన్ స్ట్రోక్ లయలోనే ఊగుతుంటే ముందు గాలి బుడగని అనుమానించండి. ద్రవం దాదాపు నొక్కుకోదు, గాలి నొక్కుకుంటుంది. పిస్టన్ బుడగనే పిసుకుతూ కూర్చుంటుంది. మొబైల్ ఫేజ్ డీగ్యాస్ చేయండి, పర్జ్ చేయండి, ఇన్‌లెట్ ఫిల్టర్ మూసుకుపోయిందేమో చూడండి.

రెండు, అయినా తగ్గలేదా? చెక్ వాల్వ్ తీసి ఐసోప్రొపనాల్‌లో సోనికేట్ చేయండి. ఏది విప్పినా ముందు పంప్ ఆపి, ప్రెజర్ సున్నాకి రానివ్వండి.

మూడు, లీక్. ప్రతి జాయింట్‌కీ టిష్యూ పేపర్ తాకించండి. తడి ఆరిపోయినా తెల్లటి ఉప్పు కనిపిస్తే అది బఫర్ కారిన గుర్తు. పంప్ హెడ్ వెనక కారుతుంటే పిస్టన్ సీల్ అరిగినట్టే. ఫిట్టింగ్‌ని బలంగా బిగించేయకండి, పాడవుతుంది.

నాలుగు, నిమిషానికి 1 ఎంఎల్ ఫ్లో పెట్టి 10 ఎంఎల్ ఫ్లాస్క్‌లో పట్టండి. 10 నిమిషాల్లో నిండాలి. ఆలస్యమైతే ఫ్లో తగ్గినట్టు. అందుకే పీక్‌లు లేటుగా వస్తాయి.

మావాడికి మూడో దగ్గర దొరికింది. పంప్ హెడ్ వెనక తెల్లటి ఉప్పు! ముందు షిఫ్ట్‌వాళ్లు బఫర్‌ని అలాగే వదిలేసి వెళ్లారు. అది ఎండి, స్ఫటికాలు సీల్‌ని గీరేశాయి. అందుకే పని అయ్యాక ముందు నీళ్లతో కడగాలి. ఫాస్ఫేట్ బఫర్ మీదకి నేరుగా ఎసిటోనైట్రైల్ పంపితే ఉప్పు లోపలే గడ్డకడుతుంది.

అప్పుడు వాడు మెల్లగా అన్నాడు, "అన్నా, ఈ రన్ పక్కన పడేసి మళ్లీ ఇంజెక్ట్ చేస్తే ఎవరు చూస్తారు?"

ఆడిట్ ట్రయల్ చూస్తుంది. అదొక్కటే కాదురా, ఆ టాబ్లెట్ రేపు మన అమ్మ వేసుకోవచ్చు అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత లాగ్‌బుక్‌లో జరిగింది జరిగినట్టు రాసి, సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాడు. పొద్దున సీల్ మార్చారు. రిజల్ట్ లేటైంది, తిట్లూ పడ్డాయి. పడనీ.

నైట్ షిఫ్ట్‌లో ఉన్న మీ ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఇది పంపండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.