తరగతి గదిలో సెల్‌ఫోను: పరిశోధన ఏమి చెబుతున్నది? మనమేమి చేయాలి?

(విద్యారంగ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హైస్కూలు తరగతిలో సెల్‌ఫోను ఈనాడు దేశదేశాల ఉపాధ్యాయులను వేధిస్తున్న సమస్య. పాఠం నడుస్తుండగా బల్లకింద ఫోను వెలుగుతుంది. ఉపాధ్యాయుడు చూచీ చూడనట్లు ఊరుకొంటే పాఠం చెడుతుంది. పట్టుకొంటే తగాదా వస్తుంది, ఆ తగాదాలో పీరియడు గడిచిపోతుంది. అమెరికాలో ప్యూ పరిశోధనా కేంద్రం 2023లో జరిపిన సర్వేలో హైస్కూలు ఉపాధ్యాయులలో 72 శాతం మంది దీనిని తమ తరగతిలోని పెద్ద సమస్యగా పేర్కొన్నారు. ఫోన్లపై నిబంధనలు ఉన్న పాఠశాలల్లో పనిచేసే హైస్కూలు ఉపాధ్యాయులలో 60 శాతం మంది వాటి అమలు కష్టంగా ఉన్నదని చెప్పారు.

ఈ రెండవ అంకెను గుర్తుంచుకోవలసిందిగా కోరుతున్నాను. నిబంధన వ్రాయడం ఒక పని, అమలు జరపడం మరొక పని. మొదటిది ఆఫీసులో జరుగుతుంది. రెండవది తరగతిలో ఒంటరిగా నిలుచున్న ఉపాధ్యాయునిపై పడుతుంది.

పరిశోధనల సారాంశం

2015లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ వెలువరించిన ఒక అధ్యయనం ఇంగ్లండులోని నాలుగు నగరాలలో 91 పాఠశాలలను పరిశీలించింది. ఫోన్లను నిషేధించిన తరువాత 16 ఏళ్ల విద్యార్థుల పరీక్షా ఫలితాలు కొంత మెరుగుపడినవి. సగటున లాభం స్వల్పమే. చదువులో బాగా వెనుకబడినవారికి మాత్రం దానికి రెట్టింపునకు పైగా లాభం కలిగింది. ముందు వరుసలో ఉన్నవారిలో మార్పు కానరాలేదు. వెనుకబడినవారిలో శ్రామికుల బిడ్డలు ఎందరుంటారో మీకు చెప్పనక్కరలేదు.

అయితే 2020లో స్వీడన్‌లో ఇదే పద్ధతిలో జరిగిన అధ్యయనంలో అటువంటి లాభమేదీ కనిపించలేదు. 2025లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 30 పాఠశాలలలో 1,227 మంది విద్యార్థులను పరిశీలించారు. కఠిన నిబంధనలున్న బడులకూ, లేని బడులకూ నడుమ పిల్లల మానసిక స్వస్థతలో తేడా కనబడలేదు. బడివేళల్లో వాడకం తగ్గినా, మొత్తం వాడకం చెప్పుకోదగినంతగా తగ్గలేదు.

ఈ ఫలితాలను చూచి నిషేధం దండుగ అనుకోరాదు, సర్వరోగ నివారిణి అనీ అనుకోరాదు. లండన్ అధ్యయనంలోనే మరొక ముఖ్యమైన మాట ఉన్నది. నిషేధం కాగితంపై ఉండి, విద్యార్థులు దానిని పాటించని చోట లాభం లేదు. అనగా ఫలితం అమలుపై ఆధారపడి ఉన్నది.

మన దేశంలో పరిస్థితి

2020లో బడులు మూతపడినప్పుడు పాఠాన్ని ఫోనులోకి పంపినవి ప్రభుత్వాలే. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉపాధ్యాయుల హాజరును ముఖాన్ని గుర్తించే యాప్ ద్వారా, వారి సొంత ఫోన్లలోనే నమోదు చేయవలెనన్నది. సంఘాలు ఇందుకు అభ్యంతరం తెలిపినవి. ఏడాది తిరగగానే, 2023 ఆగస్టులో, విద్యార్థులు బడికి ఫోను తేరాదనీ, ఉపాధ్యాయులు తరగతికి వెళ్లే ముందు తమ ఫోన్లను ప్రధానోపాధ్యాయునికి అప్పగించవలెననీ అదే ప్రభుత్వం ఆదేశించింది. ఈ రెండు ఆదేశాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఫోనును సొంత ఖర్చుతో కొని ప్రభుత్వ పనికి వాడవలసినవాడూ, దానిని అప్పగించి పాఠానికి వెళ్లవలసినవాడూ ఒకే ఉపాధ్యాయుడు.

ఇక విద్యార్థి సంగతి. 2024 అసర్ సర్వే ప్రకారం గ్రామీణ భారతంలో 14–16 ఏళ్ల పిల్లలలో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోను వాడడం వచ్చు. వాడడం వచ్చిన వారిలో సొంత ఫోను ఉన్నది మాత్రం 14 ఏళ్లవారిలో 27 శాతానికి, 16 ఏళ్లవారిలో సుమారు 38 శాతానికి. కనుక మనం స్వాధీనం చేసుకొన్న ఫోను తండ్రిదో అన్నదో కావచ్చును. రేపు పనికి రమ్మని మేస్త్రీ పంపే కబురు ఆ ఫోనుకే వస్తుంది. దానిని వారం రోజులు బీరువాలో పెడితే ఆ ఇంటి కూలికి గండి పడుతుంది. ఆడపిల్ల వద్ద ఫోను దొరికిందని ఇంటికి కబురు పంపితే, కొన్ని ఇళ్లలో ఆమె చదువే ఆగిపోయే ప్రమాదమున్నది.

2025లో ఢిల్లీ హైకోర్టు సంపూర్ణ నిషేధం వాంఛనీయమూ కాదు, ఆచరణసాధ్యమూ కాదన్నది. ఫోన్లను భద్రపరచే ఏర్పాటు చేయాలనీ, తల్లిదండ్రులనూ ఉపాధ్యాయులనూ సంప్రదించి నియమాలు రూపొందించాలనీ సూచించింది. క్రమశిక్షణ కోసం ఫోనును స్వాధీనం చేసుకోవడం సమంజసమైన చర్యగానే పరిగణించింది.

మన పరిశీలన

పై అధ్యయనాలు మన బడులలో జరిగినవి కావు. కావున మనమే లెక్క తీయవలసి ఉన్నది. ఇది పెద్ద పని కాదు. రెండు వారాలపాటు ప్రతి పీరియడులో ఫోను వల్ల పాఠం ఎన్నిసార్లు ఆగినదో, ఎన్ని నిమిషాలు పోయినవో, ఫోను దేనికి వాడబడినదో, తరువాత ఏమి జరిగినదో ఒక పుస్తకంలో వ్రాయండి. ఉపాధ్యాయుడు లేని పీరియడులను వేరుగా గుర్తించండి. ఖాళీ తరగతిలో ఫోను బయటికి వస్తే అది క్రమశిక్షణ లోపమా, ఖాళీ పోస్టుల ఫలితమా అన్నది అప్పుడే తేలుతుంది. బిడ్డ ఫోను ఎందుకు తెస్తున్నదో తల్లిదండ్రులను అడగండి. దూరపు బస్సు ప్రయాణం ఒక కారణం కావచ్చును. కొత్త నియమం పెట్టిన మూడు నెలలకు ఇదే లెక్క మళ్లీ తీయండి. నియమం పెట్టని పొరుగు బడిలోనూ తీస్తే పోల్చి చూడవచ్చును. విద్యార్థుల పేర్లు ఎక్కడా వ్రాయకండి. ఈ లెక్క ఏ విద్యార్థిపైనా, ఏ ఉపాధ్యాయునిపైనా చర్యకు ఆధారం కారాదు.

మన కోర్కెలు

మొదటిది, ఫోన్లను భద్రపరచేందుకు తాళమున్న బీరువా, రసీదు పుస్తకం ప్రతి బడికీ ఇవ్వాలి. ఫోను పోయినా పగిలినా బాధ్యత సంస్థదే గాని ఉపాధ్యాయునిది కారాదు.

రెండవది, ఫోను ఆ సాయంత్రమే తిరిగి ఇవ్వాలి. అందులోని ఫొటోలు, సందేశాలు ఎవరూ చూడరాదు. ఎనిమిదవ తరగతి వరకు పిల్లలకు వర్తించే 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. పై తరగతులలోనూ మనం అదే మర్యాద పాటించాలి.

మూడవది, ప్రభుత్వ పనికి ప్రభుత్వమే పరికరం ఇవ్వాలి.

నాలుగవది, నియమావళిని ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, విద్యార్థులు కలిసి రూపొందించాలి. పై నుండి వచ్చిన మెమోను విద్యార్థి ధిక్కరించవచ్చును. తాను కూడా కూర్చొని ఒప్పుకొన్న నియమాన్ని ధిక్కరించడం అంత సులభం కాదు.

అధికారుల ముందుకు వట్టి ఫిర్యాదుతో పోతే మరొక సర్క్యులరు వస్తుంది. ఎన్ని నిమిషాల పాఠం పోతున్నదో, ఎందుకు పోతున్నదో లెక్కతో పోతే వారు జవాబు చెప్పక తప్పదు. ప్రతి శాఖా కనీసం ఒక హైస్కూలులో ఈ పరిశీలన చేపట్టి, వివరాలను జిల్లా సంఘానికి అందజేయవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.