బొంత క్రింద ఇంత చోటు
(శతాబ్ది ఉత్సవములలో స్త్రీల మైత్రి పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగలో పాత చీరల బొంతను గూర్చి మాట్లాడుటకు మాకు సమయమిచ్చినందుకు కృతజ్ఞులము.

మన ఇండ్లలో కాన్పు దగ్గర పడినప్పుడు అమ్మమ్మ మొదట వెదకునది పాత నూలు చీర. ఎన్నో ఉతుకులకు మెత్తబడిన బట్ట పసివాని ఒంటికి గుచ్చుకొనదు. మేమును అట్టి చీరలనే ఇంటింట అడిగి తెచ్చుచున్నాము. పట్టు, నైలాను జారిపోవును గనుక తీసికొనము. ఉతికి ఎండబెట్టి, చినుగులు కత్తిరించి, నాలుగైదు పొరలు నేలమీద పరచి, నలుగురము నాలుగు వైపుల కూర్చుండి, మొదట అంచులు కుట్టి తరువాత లోపలికి వరుసలు వేయుదుము. ఒక పెద్ద బొంతకు నాలుగు శనివారములు పట్టును.

భర్త కొట్టగా బిడ్డలను చంకనెత్తుకొని కట్టుబట్టలతో బయటపడిన తల్లులకు ఈ బొంతలు ఇచ్చుచున్నాము. ఆశ్రయ గృహములో అన్నము, పడక దొరకవచ్చును. అయితే రాత్రి ఉలికిపడి లేచు పిల్లవానికి నాది అని చెప్పుకొను వస్తువు ఒకటైనను కావలెను. అక్కడనుండి వెళ్లునప్పుడు వారు బొంతను తమతోనే తీసికొని పోవుదురు.

ఈ పని ఎట్లు మొదలైనదో దాచము. కొన్నేండ్ల క్రిందట మన సంఘపు బిడ్డ ఒకతె వాచిన మొగముతో మా కూటమునకు వచ్చినది. మేము ప్రార్థన చేసి, "ఇంటి గుట్టు లంకకు చేటు, సర్దుకొని పో అమ్మా" అని చెప్పి, మేమే అత్తవారింట దిగబెట్టి వచ్చితిమి. నెల తిరుగక మునుపే చేయి విరిగి ఆసుపత్రిలో చేరినది. మేము చూడబోగా గోడవైపు తిరిగి పండుకొన్నది. మొదటి బొంత ఆమెకే కుట్టితిమి. ఆమె దానిని తీసికొనుటకు చాల దినములు పట్టినది.

కుట్టునప్పుడు అందరి కన్నులు సూదిమీదనే యుండును గనుక, ఎదుట నిలిచి చెప్పలేని మాటలు బయటికి వచ్చును. విన్న మాట వీధిలో చెప్పరాదనునది మా మొదటి కట్టుబాటు. వెనుకకు పొమ్మని ఎవరికిని చెప్పరాదనునది రెండవది.

బొంత చలిని ఆపును గాని దెబ్బను ఆపదు. అందుకు చట్టము కలదు. 2005లో చేసిన గృహహింస చట్టము 2006 అక్టోబరు 26 నుండి అమలులో నున్నది. ఇల్లు తన పేర లేకున్నను, కాపురమున్న ఇంట నివసించు హక్కు స్త్రీకి కలదని 17వ సెక్షను చెప్పుచున్నది. హింస జరుగుచున్నదని నమ్ముటకు కారణమున్న ఎవరైనను రక్షణాధికారికి తెలుపవచ్చును. సద్భావముతో తెలిపిన వారిపై ఏ బాధ్యతయు ఉండదని 4వ సెక్షను చెప్పుచున్నది. కాబట్టి పొరుగువారమైన మనము "మనకెందుకు" అనుటకు వీలులేదు. 2015 నుండి ఏర్పడిన సఖి కేంద్రములలో వైద్యము, పోలీసు సహాయము, న్యాయ సలహా, కొద్ది దినముల వసతి ఒక్కచోటనే దొరకును. స్త్రీల సహాయమునకు ఫోను నంబరు 181. ఈ మూడు అంకెలను ప్రతి బొంత మూలను ఎర్రదారముతో కుట్టుచున్నాము.

యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన బట్టలను చూపుచు ఏడ్చిరని అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములో చదువుకొన్నాము. ఆమె ప్రసంగములు చేసినట్లు అక్కడ లేదు; చేతిపనియే సాక్ష్యమిచ్చినది.

మా మనవి రెండు మాటలు. ఇంటికొక పాత నూలు చీర ఇయ్యుడి. రెండవది పెద్దలకు ప్రత్యేకముగా చెప్పుచున్నాము: రాత్రివేళ ఒక ఆడబిడ్డ మీ తలుపు తట్టినయెడల, ఏమి జరిగినదని అడుగకమునుపే, "లోపలికి రా అమ్మా, అన్నము తిన్నావా?" అని అడుగుడి. మేము ఆనాడు అడుగలేదు.