సంతకం తారది, డబ్బు మనది

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో సాధారణంగా కరువుభత్యం బకాయిల గురించి, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు గురించి మాట్లాడుకుంటాం. ఈసారి సినిమా తారలు, క్రీడాకారులు చేసే ప్రకటనల గురించి, అందులోనూ ఒళ్లు కదిపి ఆడే వీడియో ఆటల గురించి చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. వినగానే కొందరు మిత్రులు నవ్వారు. నవ్వవలసిన విషయమే. కాని మన ఇళ్లలో ఈ ఆటలు ఆడేది మనవలైతే, పుట్టినరోజుకో, పరీక్ష పాసైనందుకో వాటిని కొనిపెట్టేది చాలా సందర్భాల్లో మనమే. ఆ డబ్బు మన పెన్షను డబ్బు. కాబట్టి ఇది మనకు సంబంధించిన విషయమేనని మనవి చేస్తున్నాను.

నేను ఉద్యోగకాలంలో ఎక్కువ భాగం బిల్లులు పరిశీలించే సెక్షనులో గడిపాను. అందుచేత ప్రకటనలో తార ముఖం కనిపిస్తే నాకు అది ఒక సంతకంలాగా తోస్తుంది. ఫైలు చదివి పెట్టిన సంతకం వేరు, చదవకుండా పెట్టిన సంతకం వేరు. రెండూ చూడటానికి ఒక్కలాగే ఉంటాయి. తేడా ఆడిట్‌లో తెలుస్తుంది. ఈ ఆటల విషయంలో ఆడిట్ చేసినవారు ఆటగాళ్లు. ఆ కథే ఈరోజు చెబుతాను.

పాతకాలపు వీడియో ఆటల్లో చేతిలో ఒక పెట్టె, దానిమీద బటన్లు ఉండేవి. బొటనవేళ్లు తప్ప ఒళ్లు కదిలేది కాదు. చేతి కదలికతోనే ఆడించాలనే ప్రయత్నం కొత్తదేమీ కాదు. 1989లో అమెరికాలో మాటెల్ కంపెనీ నింటెండో యంత్రం కోసం పవర్ గ్లవ్ అనే చేతితొడుగును తెచ్చింది. ఆ సంవత్సరం డిసెంబరులోనే ‘ద విజార్డ్’ అనే సినిమా వచ్చింది. అందులో అప్పటి టీవీ బాలనటుడు ఫ్రెడ్ శావేజ్ ముఖ్యపాత్ర ధరించాడు. ఆ సినిమాలో ఈ తొడుగును ఒక అద్భుతంగా చూపించారు. పిల్లలు ముచ్చటపడి కొన్నారు. తీరా తొడుక్కుని చూస్తే, చెయ్యి చెప్పినట్టు తెరమీద బొమ్మ వినదు. మరుసటి సంవత్సరానికే దాని అమ్మకం ఆగిపోయింది.

తర్వాత 2006 నవంబరులో నింటెండో ‘వీ’ అనే యంత్రాన్ని 250 డాలర్ల ధరకు విడుదల చేసింది. టీవీ రిమోట్ వంటి కర్రను చేతబట్టుకుని బ్యాట్‌లాగా ఊపితే తెరమీద టెన్నిస్ బంతి ఎగురుతుంది. ఆ రిమోట్‌లో కదలికను కొలిచే చిన్న చిప్పు, ముందువైపు ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఉంటాయి. టీవీ దగ్గర పెట్టే పట్టీని సెన్సర్ బార్ అంటారు గాని, అది గ్రహించేది ఏమీ లేదు. అందులో ఉన్నవి దీపాలు మాత్రమే, వాటిని చూసేది రిమోట్‌లోని కెమెరా.

మనం గమనించవలసింది దాని ప్రచారం. అమెరికాలో ఆ ప్రకటనల్లో పేరున్న తార ఎవరూ లేరు. సూటు ధరించిన ఇద్దరు జపాను పెద్దమనుషులు చిన్న కారులో ఊరూరా తిరిగి, ఇంటి తలుపు తట్టి, మీతో కలిసి ఆడతామని వినయంగా అడుగుతారు. అంతే. అంతకుముందే కంపెనీవారు కొన్ని పట్టణాల్లో మామూలు తల్లులను, మూడు తరాలు కలిసి ఉండే కుటుంబాలను, ఆరితేరిన ఆటగాళ్లను ఎంపిక చేసి, వారి బంధుమిత్రులను పిలిపించి ఆడించారు. అంటే సిఫారసు చేసింది తార కాదు, చేత్తో పట్టుకుని ఆడి చూసిన పొరుగింటివారు. అమెరికాలోని వృద్ధుల నివాసాల్లో మన వయసువారు ఈ యంత్రంతో బౌలింగ్ పోటీలు పెట్టుకున్నారు. బరువైన బంతి ఎత్తే పని లేకుండా పాత సరదా తీరింది కదా! మొత్తం మీద ఆ యంత్రాలు 10 కోట్లకు పైగా అమ్ముడుపోయాయి.

ఇబ్బందులు లేకపోలేదు. ఉత్సాహంగా ఊపేసరికి రిమోట్ చేతిలోంచి జారి టీవీకి తగిలిన సంఘటనలున్నాయి. మణికట్టు తాళ్లు తెగుతున్నాయని 2006 డిసెంబరులోనే సుమారు 32 లక్షల తాళ్లను మార్చి ఇవ్వడానికి కంపెనీ ముందుకు వచ్చింది.

ఇక ఆటగాళ్ల సంగతి. ఏళ్ల తరబడి గంటలకొద్దీ ఆడేవారు ఈ కొత్త పద్ధతిని మొదటినుంచీ అనుమానంగానే చూశారు. పిల్లకాయల గర్వమని మనం కొట్టిపారేయకూడదు. వారి వాదనలో న్యాయముంది. బటన్ నొక్కితే నూటికి నూరుసార్లు ఒకే ఫలితం వస్తుంది. చెయ్యి ఊపితే ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. ఆటలో ఓడిపోతే ఆ తప్పు తనదై ఉండాలి గాని యంత్రానిది కాకూడదని వారి పట్టుదల. పైగా నిలబడి చెయ్యంతా ఊపనక్కరలేదనీ, సోఫాలో కూర్చుని మణికట్టు విదిలించినా టెన్నిస్ గెలవవచ్చనీ వారే ముందుగా కనిపెట్టారు. 2009లో కంపెనీవారు రిమోట్‌కు తగిలించే అదనపు పరికరం తెచ్చి కదలికను మరింత కచ్చితంగా పట్టుకునేటట్టు చేశారు. అభ్యంతరం సబబేనని ఒప్పుకున్నట్టే కదా.

ఈ యంత్రం విజయం చూసి ఇతర కంపెనీలు రంగంలోకి దిగాయి. వాటితోపాటు తారలూ వచ్చారు. 2009 జూన్‌లో మైక్రోసాఫ్ట్ చేతిలో ఏమీ పట్టుకోకుండా ఆడే పరికరాన్ని ప్రకటించినప్పుడు వేదికమీద మాట్లాడినవారిలో సినీ దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్ ఒకరు. ఆయన ఈ విద్యకు బొత్తిగా కొత్తవాడేమీ కాదు. అంతకు ముందు సంవత్సరమే ‘వీ’ కోసం ‘బూమ్ బ్లాక్స్’ అనే ఆట రూపకల్పనలో పాల్గొన్నాడు. 2010లో ఈ పరికరానికి కినెక్ట్ అని పేరు పెట్టి, సర్క్ దు సొలెయ్ కళాబృందంతో లాస్ ఏంజెలిస్‌లో పెద్ద ప్రదర్శన చేయించారు. ఆ నవంబరులో అమ్మకం మొదలై, మొదటి 60 రోజుల్లో 80 లక్షలు అమ్ముడుపోయాయి. గిన్నిస్ పుస్తకంలోకి కూడా ఎక్కింది.

తర్వాత ఏమైంది? అది సరిగ్గా చూడాలంటే మనిషి ఆరడుగుల దూరంలో నిలబడాలి. చిన్న గదుల్లో సోఫాలు, బల్లలు జరిపితే గాని ఆట సాగదు. ఆరితేరిన ఆటగాళ్లు కోరుకునే ఆటలు దానికి తగినన్ని రాలేదు. 2013లో కొత్త ఎక్స్‌బాక్స్ వన్ యంత్రంతో కలిపి కినెక్ట్‌ను తప్పనిసరి చేసి 499 డాలర్ల ధర పెట్టారు. పోటీ యంత్రం ప్లేస్టేషన్ 4 ధర 399 డాలర్లు. అక్కరలేని పరికరానికి అదనపు డబ్బెందుకని, పడకగదిలో కెమెరా ఎందుకని ఆటగాళ్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు. 2014 ఫిబ్రవరిలో హైదరాబాదు బిడ్డ, మనలో చాలామందికి తెలిసిన ఐ.ఎ.ఎస్. అధికారి యుగంధర్ గారి కుమారుడు సత్య నాదెళ్ల ఆ సంస్థకు ముఖ్య కార్యనిర్వహణాధికారి అయ్యారు. ఆ జూన్‌లోనే కినెక్ట్ లేకుండా 399 డాలర్లకు యంత్రాన్ని అమ్మడం మొదలుపెట్టారు. 2017లో కినెక్ట్ తయారీయే నిలిపివేశారు. గిన్నిస్ రికార్డు ఉన్నా, పెద్ద దర్శకుడి మాట ఉన్నా, ఆడేవాడి అభ్యంతరమే చివరికి నెగ్గింది.

ఇంకా స్పష్టమైన ఉదాహరణ టోనీ హాక్‌ది. ఈయన చక్రాల పలకమీద విన్యాసాలు చేయడంలో జగత్ప్రసిద్ధుడు. 1999లో ఆయన పేరుతో వచ్చిన బటన్ల ఆటను ఆటగాళ్లు నెత్తిన పెట్టుకున్నారు. పదేళ్ల తర్వాత, 2009లో, అదే పేరుతో ‘రైడ్’ అనే ఆట వచ్చింది. దానితోపాటు నిజంగా నిలబడి ఊగే పలక ఇచ్చి సుమారు 120 డాలర్లు ధర పెట్టారు. పలక కదలికలను తెర సరిగా అందుకోలేదు. విమర్శకులు ఉతికి ఆరేశారు. మరుసటి సంవత్సరం వచ్చిన రెండో భాగానిదీ అదే గతి. పేరు అదే, మనిషి అదే, ఆ విద్యలో ఆయనను మించినవాడు అరుదు. అయినా ఒక ఆట నిలిచింది, ఒకటి నిలవలేదు. సంతకం చేసినవాడు నిపుణుడైనంత మాత్రాన వస్తువు మంచిదైపోదని తేలింది.

మరి తార నిజంగా ఆడేవాడైతే? అదీ జరిగింది. హాలీవుడ్ నటుడు రాబిన్ విలియమ్స్ ‘జెల్డా’ అనే నింటెండో ఆటమీద మక్కువతో తన కుమార్తెకు ఆ పేరే పెట్టుకున్నాడు. 2011లో తండ్రీ కూతుళ్లిద్దరూ ఆ వరుసలోని ఆటల ప్రకటనల్లో కనిపించారు. అందులో ‘స్కైవర్డ్ స్వోర్డ్’ అనే ఆటలో రిమోట్‌నే కత్తిలాగా తిప్పాలి. ఇది చదివి పెట్టిన సంతకం. ఈయన మనవాడేనని ఆటగాళ్లు ఆదరించారు. అయినా ఆ కత్తి తిప్పడం మీద మాత్రం వారు రెండుగా చీలారు. కొందరికి అది అపూర్వం, కొందరికి విసుగు. పదేళ్ల తర్వాత, 2021లో, అదే ఆటను స్విచ్ యంత్రం కోసం మళ్లీ విడుదల చేసినప్పుడు బటన్లతో ఆడుకునే వీలు కూడా కల్పించారు. అప్పటికి విలియమ్స్ మరణించి దాదాపు ఏడేళ్లయింది.

దీన్నిబట్టి నాకు తోచింది ఇది. తార మాట మనల్ని దుకాణం దాకా తీసుకువెళుతుంది. ఇంటికి తెచ్చాక ఆ మాట పనిచేయదు, చెయ్యి చెప్పిందే చెల్లుతుంది. సబ్బు విషయంలో, నూనె విషయంలో తేడా తెలియడానికి నెలలు పడుతుంది. ఈ ఆటల్లో అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది. అందుకే ఆటగాళ్లు తారల ప్రకటనలకు అంత తొందరగా లొంగరు. ఒకసారి టీవీలో ఎవరో హీరో ఆటల యంత్రాన్ని పొగుడుతుంటే, బాగుందా అని మా మనవణ్ణి అడిగాను. వాడు తెరవంక చూడకుండానే, “ఆయన ఆడతాడా తాతయ్యా?” అన్నాడు. ముప్ఫై ఏళ్లు బిల్లుల మీద నేను రాసిన ఆడిట్ ప్రశ్నలన్నీ కలిపినా ఇంత సూటిగా లేవనిపించింది.

మన దేశంలోనూ ఈ పద్ధతి ఉన్నదే. 2006లో ఎక్స్‌బాక్స్ 360 ఇక్కడికి వచ్చినప్పుడు నటుడు అక్షయ్ కుమార్, క్రికెటర్ యువరాజ్ సింగ్ ప్రచారకర్తలుగా ఉన్నారు. తప్పేమీ కాదు. కాని ఇప్పుడు చట్టం మారింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలైలో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం, తప్పుదోవ పట్టించే ప్రకటనలో నటించిన ప్రచారకర్తకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయవచ్చు. ఏడాదిపాటు, తిరిగి చేస్తే మూడేళ్ల వరకు ప్రచారం చేయకుండా నిషేధించవచ్చు. తగిన శ్రద్ధతో విచారించాకే చెప్పానని రుజువు చేసుకుంటే జరిమానా ఉండదు. 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాలు మరో మాట చెప్పాయి. ప్రచారకర్త చెప్పేది అతని నిజమైన అభిప్రాయమై ఉండాలి, తగిన సమాచారం మీదో అనుభవం మీదో ఆధారపడాలి. ఫైలు చదివి సంతకం పెట్టమని మనకు చెప్పిన నియమమే ఇప్పుడు తారలకూ వర్తించింది.

ఈ ఆటలు చెడ్డవని నేను అనడం లేదు. 2019లో వచ్చిన ‘రింగ్ ఫిట్ అడ్వెంచర్’ అనే వ్యాయామ ఆట కోటిన్నరకు పైగా అమ్ముడుపోయింది. మనవలతో కలిసి నాలుగడుగులు కదలడం మనకూ మంచిదే. కొనేముందు మాత్రం కొన్ని పనులు చేద్దాం. ఆడబోయే పిల్లవాణ్ణే దుకాణానికి తీసుకువెళ్లి, వీలుంటే అక్కడే ఆడించి చూద్దాం. ఇంట్లో తగినంత స్థలం ఉందో లేదో కొలుచుకుందాం. యంత్రం ధరతోపాటు ఆటల ధర, అదనపు పరికరాల ధర కలిపి లెక్కవేద్దాం. బిల్లు, వారంటీ కార్డు భద్రపరుద్దాం. మోసం జరిగిందనిపిస్తే 1915 నంబరుకు ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం పలుకుతుంది. మోకాళ్ల నొప్పులు, గుండె జబ్బు ఉన్నవారు డాక్టరుగారిని అడిగాకే రిమోట్ పట్టండి. మణికట్టు తాడు తగిలించుకోవడం మరచిపోవద్దు.

పిల్లవాడు అడగ్గానే కాదనడం, తార చెప్పగానే అవుననడం రెండూ పరిశీలించకుండా పెట్టే సంతకాలే. పిల్లలకు తెలిసింది మనం విని, మనకు తెలిసిన లెక్క వారికి చెప్పి, ఇద్దరం కలిసి నిర్ణయిస్తే డబ్బూ దక్కుతుంది, మనవడితో మాట్లాడే సందర్భమూ దక్కుతుంది. రెండోదే మన వయసులో ఎక్కువ విలువైనదని మీకు వేరే చెప్పనక్కరలేదు.