దుకాణదారు – కొనుగోలుదారు
(సంఘ ఉగాది సభలో చేసిన ప్రసంగము)



ఇప్పుడే పంచాంగ శ్రవణము జరిగినది. ఆదాయ వ్యయములు విన్నాము, రాజపూజ్య అవమానములు విన్నాము. బజారులో కూడ ఈ రెండు లెక్కలూ ఉన్నవి. వస్తువు ధర మొదటి లెక్క. దుకాణములో మనకు దొరికే ఆదరణ రెండవ లెక్క. రేడియోలు, టెలివిజన్లు, మిక్సీలు అమ్మే దుకాణములు ఒక్కటొక్కటిగా ఎందుకు మూతపడుతున్నవని అడిగితే అందరూ మొదటి లెక్కే చెప్పుదురు. ఫోనులో కొంటే నూరో రెండు నూర్లో తగ్గుననుట నిజమే. కాని అది సగము నిజమని మా అభిప్రాయము.

అమెరికాలో సర్క్యూట్ సిటీ అనే సంస్థ ఉండేది. 1949లో రిచ్మండ్ పట్టణములో చిన్న టెలివిజన్ దుకాణముగా మొదలై, క్రమముగా వందల అంగళ్లు తెరిచినది. 2007 మార్చిలో ఖర్చు తగ్గించుకొనుటకై సుమారు 3,400 మంది అమ్మకపు ఉద్యోగులను ఒక్కసారిగా తొలగించినది. వారు చేసిన తప్పేమి? బజారు రేటు కన్న వారి జీతము ఎక్కువ, అంతే. వారి స్థానములో తక్కువ జీతగాండ్రను తీసుకొన్నారు. 2008 నవంబరులో ఆ సంస్థ దివాలా దరఖాస్తు పెట్టినది. 2009 మార్చి నాటికి అంగళ్లన్నీ మూతపడినవి. ఆనాటి మాంద్యమూ, పోటీయూ కూడ కారణములే. అయినను పని తెలిసినవానిని పంపివేసిన అంగడి తన బలమును తానే పోగొట్టుకొన్నదనక తప్పదు.

బెస్ట్ బై అనే మరియొక సంస్థకూ 2012 నాటికి గండము వచ్చినది. జనము అంగడిలో చూచి, ఇంటర్నెట్టులో కొనేవారు. ఆ సంవత్సరము పగ్గములు చేపట్టిన హ్యూబర్ట్ జోలీ ఇంటర్నెట్టు ధరకే అంగడిలోనూ ఇప్పించి, ఉద్యోగుల శిక్షణ మీద శ్రద్ధ పెట్టినాడు. ఆ సంస్థ నేటికీ నిలిచి ఉన్నది.

ఇక మన సంగతి. పూర్వము రేడియో కొంటే దుకాణదారే ఇంటికి వచ్చి, ఏరియల్ కట్టి, తెలుగు మాట వినబడేవరకు ముల్లు తిప్పి వెళ్లేవాడని మన పెద్దలు చెప్పుదురు. నేడో? మా కాలనీలో ఒక పెద్దమ్మగారి టెలివిజన్ కొన్న నాలుగు నెలలకే ఆగిపోయినది. కంపెనీకి ఫోను చేస్తే యంత్రము ఇంగ్లీషులో "ఒకటి నొక్కుము, రెండు నొక్కుము" అన్నది. మూడు రోజులు నొక్కి నొక్కి ఆమె ఊరకున్నది. వస్తువు చెడినందుకు కాదు, అడుగుటకు మనిషి లేనందుకు ఆమె కంట నీరు పెట్టినది.

దుకాణదారులందరూ ధర్మరాజులని మేము అనము. బిల్లు అడిగితే విసుగుకొనుట, చెడిన వస్తువు తెస్తే మొగము చాటువేయుట మనము ఎరుగనివి కావు. మన తప్పు కూడ ఉన్నది. అరగంట సేపు అతని చేత పెట్టెలన్నీ విప్పించి, వివరములన్నీ అడిగి, వెలుపలికి వచ్చి ఫోనులో కొనుచున్నాము. అతని తెలివికి కూలి ఎవరు ఇచ్చెదరు?

మేము రైల్వే టిక్కెట్టు కిటికీ వద్ద కూర్చుండే గుమాస్తాలము. 2002లో ఇంటర్నెట్టు టిక్కెట్లు వచ్చినవి. అయినను మా కిటికీ వద్ద వరుస ఉన్నది. ఏ బండి ఎక్కవలెనో, ఎక్కడ మారవలెనో నోటితో అడిగి తెలుసుకొనేవారు అందులో ఎందరో! అడిగేవారు ఉన్నంతకాలము చెప్పేవాడు ఉండవలెను.

చట్టము కూడ మనకు అండగా ఉన్నది. 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, కంపెనీ ఎక్కడ ఉన్నను, మనము నివసించే చోటనే ఫిర్యాదు చేయవచ్చును. 2020 నిబంధనల ప్రకారము ఇంటర్నెట్టు వ్యాపారి ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, నెల లోపల పరిష్కరించవలెను. 1915 నంబరుకు ఫోను చేసి తెలుగులోనూ చెప్పుకొనవచ్చును.

సంఘమునకు మా మనవి ఒకటే. చదువుకొన్న మన పిల్లలు ఆదివారము ఒక గంట సంఘ గదిలో కూర్చుండి, పెద్దల బిల్లులు చూచి, ఫిర్యాదులు వ్రాసి పెట్టవలెను. దుకాణములు నడిపే మన సోదరులు బిల్లు ఇచ్చి, చెప్పిన మాట నిలుపుకొనవలెను. ధరలో తేడా కొద్దిపాటిదైతే మనము వారి వద్దనే కొనవలెను.

రాజపూజ్య అవమానములు గ్రహముల చేతిలో ఉన్నవందురు. బజారులో మాత్రము అవి మన చేతిలోనే ఉన్నవి.