నమ్మకం అక్కర్లేదన్న డబ్బు

(రాజోలులో కార్యకర్తల కూడికలో మాట్లాడిన మాటలు)



ఈమధ్య మన పేటల్లో బిట్‌కాయిన్ మాట వినపడతా ఉంది. కువైట్‌లో, మస్కట్‌లో మన ఆడపడుచులు పాచిపని చేసి పంపే డబ్బు మీద దాని కన్ను పడింది. దాన్ని పుట్టించినవాళ్లు 2008-09లో ఏమన్నారంటే, బ్యాంకునీ సర్కారునీ నమ్మక్కర్లేదు, లెక్క అందరి కంప్యూటర్లలోనూ ఉంటది, 2 కోట్ల 10 లక్షల నాణేలకు మించి పుట్టవు అని. బాగానే ఉంది. కానీ ఆ లెక్క చదివి మనలో ఎవరు చేరతారండీ? మేనల్లుడు చెప్పాడనో, డ్వాక్రా అక్క చెప్పిందనో చేరతారు. నమ్మకం అక్కర్లేదన్న సరుకు నమ్మకం మీదే అమ్ముడుపోతా ఉంది.

ఆ నమ్మకాన్ని మేం తప్పు పట్టం. బ్యాంకు గడప తొక్కనివ్వని రోజుల్లో చీటీపాటే మన బ్యాంకు. పెళ్లికైనా చావుకైనా అదే ఆదుకుంది. పాడుకున్నవాడు ఎగ్గొడితే వాడి ఇల్లు తెలుసు, అత్తారిల్లూ తెలుసు. కాయిన్ కంపెనీవాడి ఇల్లు ఎక్కడ?

అగ్రిగోల్డ్‌ను మర్చిపోయారా? 32 లక్షల మంది, 6 వేల కోట్ల పైచిలుకు. కట్టించుకున్న ఏజెంట్లు ఊళ్లలో మనోళ్లే. బిట్‌కనెక్ట్ అనేది మనుషుల్ని చేర్పిస్తే కమీషన్ అంటూ పెరిగి 2018 జనవరిలో మూతపడింది. అసలు బిట్‌కాయిన్ వేరు, దాని పేరు చెప్పుకునే గొలుసు కంపెనీలు వేరు. ఈ తేడా చెప్పకుండా చేర్చేవాణ్ణి దగ్గరికి రానీయొద్దు.

బాబాసాహెబ్ 1923లోనే రూపాయి సమస్య మీద పుస్తకం రాశారు. నాణెం పుట్టించే అధికారం ఎవడి చేతిలో ఉంది, ఆ చేతికి కట్టుబాటేది అన్నదే అందులో పెద్ద తగువు. ఏ కాయిన్‌నైనా అదే అడగండి.

చేర్చేవాణ్ణి మాత్రం ఇంకోటి కూడా అడగాలి: నన్ను చేరిస్తే నీకెంత ముడుతుంది? మొహమాటపడొద్దు. ముందు వందో రెండొందలో పెట్టి, తిరిగి మన బ్యాంకు ఖాతాలోకి తెచ్చుకుని చూడండి. తాళంచెవిలాంటి ఆ 12 మాటలు కాగితం మీద రాసుకోండి. తమ్ముడైనా సరే, ఫోన్‌లో ఫోటో తీయనివ్వొద్దు. బ్యాంకు డిపాజిట్‌కు 5 లక్షల దాకా బీమా ఉంది, దీనికి లేదు. 2024 జూలైలో వజీర్‌ఎక్స్‌లో దాదాపు 2 వేల కోట్లు దొంగలపాలయ్యాయి. లాభమొస్తే సర్కారు 2022 నుంచి 30 శాతం పన్ను పట్టుకుంటది, నష్టం మాత్రం మనదే.

మోసపోతే సిగ్గుపడి దాచుకోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి. రసీదులు, వాట్సాప్ మాటలు చెరపొద్దు.