మోటారును ఆపువా డెవరు?

మనుషులును యంత్రములును కలసి పనిచేయు కూటములను వర్గీకరింపబోయినప్పుడు, యంత్రమెంత తెలివిగలదని మొదట అడుగుట మనకు అలవాటు. ఈ కొలబద్ద చాలదని నా అభిప్రాయము. సూర్యాపేట చెంత పెన్‌పహాడ్ వైపు బోరుబావుల కడ రైతులు అమర్చుకొన్న ఒక చిన్నపెట్టెయే ఇందుకు సాక్ష్యము. దాని పేరు ఆటోస్టార్టరు.

ఆ పెట్టెకు తెలిసినది అత్యల్పము. మూడు ఫేజులును వచ్చినవా, లేదా? వచ్చినచో మోటారును నడుపును. బావిలో నీరెంత, మడి నిండినదా, రైతు మేలుకొని యున్నాడా అనునవి దానికి పట్టవు. అయినను వ్యవసాయమునకు కరెంటు వంతులవారీగా, తరచు అర్ధరాత్రి, వచ్చిన కాలమున చీకటిలో మోటారు వేయబోయి పాముకాటునకో విద్యుద్ఘాతమునకో బలియైనవారు ఎందరో కలరు. ఆ పెట్టె రైతును ఇంట నిదురింపజేసినది. ఇది చిన్న ఉపకారము కాదు.

ఇక దానిని ఒంటిగా గాక ట్రాన్స్‌ఫార్మరుతో గూర్చి చూడుడు. కరెంటు రాగానే దాని క్రింది మోటార్లన్నియు ఒక్కమారుగా లేచును. బయలుదేరునప్పుడు మోటారు నిలకడగా నడచునప్పటికంటె అయిదారు రెట్లు కరెంటు లాగును. ఫ్యూజు పోవును, ఒక్కొక్కప్పుడు ట్రాన్స్‌ఫార్మరే కాలును. ఏ రైతును తప్పుచేయలేదు, ఏ పెట్టెయు చెడలేదు. ఇట్లు ఒకరి పని నొకరు ఎరుగని కూటమును నేను ప్రత్యేకవర్గముగా లెక్కింతును. సాగర్ ఎడమకాలువపై తూము కడ షట్టరెత్తు లస్కరును, నీరందనివారు నిలదీసి అడుగగలరు. పెట్టె నెవరు అడుగుదురు?

2017లో పూర్వపు నల్గొండ జిల్లాలో ప్రయోగముగను, 2018 జనవరి 1 నుండి తెలంగాణమంతటను వ్యవసాయమునకు 24 గంటల విద్యుత్తు ఇచ్చిరి. అప్పటి పంపుసెట్లు సుమారు 23 లక్షలు. మునుపు మోటారును ఆపుచుండినది కరెంటుకోత. కోత తొలగగా ఆపువాడే లేకపోయెను. భూగర్భజలము అడుగంటునని ఆటోస్టార్టర్లను తీసివేయుడని ప్రభుత్వము కోరెను. రైతు సందేహమును త్రోసిపుచ్చరానిదే: నేను ఆపిన, నా నీటిని ప్రక్కబోరు లాగదా?

యంత్రము చేసిన పని ఫలితము మరల దానికే వార్తగా చేరవలెనని నార్బర్ట్ వీనర్ 1948లో 'సైబర్నెటిక్స్' గ్రంథమున వివరించెను. ఈ పెట్టెకు చేరవలసిన వార్త నీటిమట్టము. సెల్‌ఫోనుతో నడుపు స్టార్టర్లు తరువాత వచ్చినవి. నీరు అందనప్పుడు మోటారును ఆపు ఏర్పాటును కొన్నింట కలదు. అది మోటారును కాపాడును గాని బావిని కాదు. బావుల మట్టమును కొలుచుటకు భూగర్భజలశాఖ వారి పరిశీలనబావులు వేరుగా ఉన్నవి. ఆ కొలతకును రైతు పెట్టెకును నడుమ తీగ లేదు.